తదితరుల తరఫున డెస్కుకు ఒక ఉత్తరం

నెల్లూరు, ఒంగోలు ఎడిషన్లలో జిల్లా పేజీలు దిద్దే సబ్‌ఎడిటర్లకు, ఎడిషన్ ఇన్‌చార్జులకు, టీవీ చానళ్ళ ఇన్‌పుట్ డెస్కుల్లో కూర్చునే మిత్రులకు,

నమస్కారం. కావలికీ నెల్లూరుకీ మధ్య ఒక మండలంలో నేను పద్నాలుగేళ్ళు కంట్రిబ్యూటర్‌గా, అంటే రాసిన లైన్ల లెక్కన డబ్బులొచ్చే మండల విలేకరిగా చేశాను. ఏ పేపరన్నది అనవసరం. మానేసి పదేళ్ళు దాటింది. ఇప్పుడు బస్టాండు దగ్గర జిరాక్సు షాపు. పొద్దున్నే నాలుగు పేపర్లూ షాపుకొస్తాయి. అలవాటు చావక జిల్లా పేజీలే ముందు తిప్పుతాను. మొన్న డిసెంబరులో ఒక ఫొటో చూసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఎందుకులే అని నెల రోజులు పక్కన పడేశాను. సంక్రాంతి పోయాక మళ్ళీ తీశాను.

ఫొటో మీకు తెలిసిందే, చలికాలమంతా వేసేదే. దుప్పట్ల పంపిణీ. మధ్యలో ఒక ముసలమ్మ, చుట్టూ ఏడుగురు మగవాళ్ళు. ఒక్క దుప్పటికి ఏడుగురూ చేతులానించి కెమెరా వైపు చూస్తున్నారు. ముసలమ్మ ఒక్కతే దుప్పటి వైపు చూస్తోంది. కింద క్యాప్షన్‌లో సేవాసంస్థ అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, మాజీ సర్పంచి, ఇంకో ఇద్దరు, 'తదితరులు పాల్గొన్నారు'. లెక్కపెట్టాను. ఆరుగురికి పేర్లున్నాయి. ఏడో ఆయన తదితరుల్లోకి పోయాడు. ముసలమ్మ తదితరుల్లో కూడా లేదు.

అలాంటి క్యాప్షన్లు నేనే కొన్ని వందలు రాసుంటాను. కాబట్టి ఇది మిమ్మల్ని బోనెక్కించడానికి కాదు. ఎక్కించాల్సి వస్తే ముందు నేనే ఎక్కాలి.

మీరు అబద్ధాలు రాస్తున్నారని కూడా అనడం లేదు. దుప్పటి ఇచ్చిన మాట నిజం, ముసలమ్మ తీసుకున్న మాటా నిజం. కానీ పేపరు రోజూ చదివేవాడు నేర్చుకునేది వార్త ఒక్కటే కాదు, వరస కూడా. ఎవరికి పేరుంటుంది, ఎవరికి ఉండదు, ఎవరు ఇచ్చేవాళ్ళు, ఎవరు పుచ్చుకునేవాళ్ళు. ఏడాదికి మూడొందల అరవై రోజులు అదే చూస్తే, లోకం ఉండేదే ఇట్టా అనుకుంటాడు. ఎవరూ వాడికి పాఠం చెప్పక్కర్లేదు.

మన భాషలో ఆ వరస క్రియ చివర కూర్చుని ఉంటుంది. చేరిన కొత్తలో నాకు డెస్కు నేర్పిన మొదటి సంగతి ఇదే. లంచం తీసుకుంటూ ఏసీబీకి దొరికిన అధికారి 'పట్టుబడ్డారు'. సైకిలు ఎత్తుకుపోతూ దొరికిన కుర్రాడు 'పట్టుబడ్డాడు'. బ్యాంకులకు కోట్లు ఎగ్గొట్టిన పెద్దమనిషి 'పరారీలో ఉన్నారు'. కోళ్ళ దొంగ 'పరారీలో ఉన్నాడు'. ఇద్దరి మీదా కేసే, ఇంకా ఎవరి మీదా రుజువు కాలేదు. తేడా అంతా ఒక్క 'రు'కీ ఒక్క 'డు'కీ మధ్య. చావులోనూ అంతే. పెద్దింటి మనిషి 'కన్నుమూశారు', ఇంకా పెద్దవాడైతే 'అస్తమించారు'. కూలీ 'మృతి చెందాడు'. ఆడకూలీ అయితే 'మృతి చెందింది'. సబ్‌ఎడిటర్ ఎవరూ కావాలని చేసేది కాదిది. వేళ్ళు వాటంతటవే కొట్టేస్తాయి. నన్ను భయపెట్టేదీ అదే. ఇంగ్లిష్ పేపరు వాడికి ఈ సౌకర్యం లేదు పాపం, అందరూ ఒకే మాటతో చచ్చిపోవాల్సిందే.

ఒక్క వార్త సంగతి వివరంగా చెప్పాలి. 2009 ఎండాకాలం. అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో తెల్లవారుజామున నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ వైరు తెగి నీళ్ళలో పడింది. చూసుకోకుండా దిగిన కాపలా మనిషి అక్కడికక్కడే పోయాడు. యానాది, మా వైపు గిరిజన తెగ. గుంటలు వచ్చినప్పటి నుంచీ గట్ల మీద పరదా గుడిసెలేసుకుని కాపలా ఉండే కుటుంబాలు చాలావరకు వాళ్ళవే, మీకు తెలియంది కాదు. నేను పోయేసరికి శవాన్ని గట్టు మీద పడుకోబెట్టి ఉన్నారు. మోటారు షెడ్డు పక్కన రాత్రి వండిన అన్నం గిన్నె మూత పక్కకి జరిగి ఉంది, చీమలు పట్టి. ఆయన భార్య నా దగ్గరకొచ్చి ఒక్కటే అడిగింది.

"సామీ, పేపర్లో మా ఆయన పేరు ఏస్తారా?"

నష్టపరిహారం అడగలేదు, కేసు సంగతి అడగలేదు.

వేస్తానన్నాను. ముప్పై లైన్లు రాశాను. పేరు, వయసు, ముగ్గురు పిల్లలు, కూతురి పెళ్ళికి గుంట యజమాని అయిన ఆసామి దగ్గర తీసుకున్న అడ్వాన్సు కింద ఆరేళ్ళుగా చేతికి జీతం రాకుండా గుంట కాస్తున్న సంగతి, వైరు పాతబడిందని రెండుసార్లు చెప్పినా మార్చని సంగతి. నెట్ సెంటర్లో కూర్చుని పంపాను. రాత్రి తొమ్మిదికి డెస్కు నుంచి ఫోను. "అడ్వాన్సు, జీతం లేదు అంటున్నావు, అది వెట్టిచాకిరీ కిందికొస్తుంది. 1976 చట్టం ఉంది. ఆధారం ఉందా? ఆయన వెర్షన్ తీసుకున్నావా?" న్యాయమైన ప్రశ్నే. ఆసామి ఫోనెత్తలేదు. ఆధారమంటే ఆమె నోటిమాటే.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ ఆసామి సంక్రాంతికి పావు పేజీ యాడ్ ఇచ్చాడు. తెచ్చింది నేనే. కంట్రిబ్యూటర్ బతుకు ఎట్టాంటిదో మీకు తెలుసు. లైన్ అకౌంట్ డబ్బులు పెట్రోలుకు సరిపోవు. ఆగస్టు పదిహేనుకీ, జనవరి ఇరవై ఆరుకీ, ఉగాదికీ యాడ్ల టార్గెట్. ఆ యాడ్లు ఎవరిస్తారు? గుంటల ఆసాములు, రైసుమిల్లు యజమానులు, ప్రైవేటు కాలేజీల వాళ్ళు. గట్టు మీద పరదా కింద ఉండే మనిషి యాడ్ ఇవ్వడు. అందుకని నేను రెండోసారి గట్టిగా వాదించలేదు. డెస్కును అనడం తేలికే గానీ, ఆ రాత్రి ఫోను ముందు పెట్టేసింది నేను.

మర్నాడు నాలుగు లైన్లు వచ్చాయి. 'విద్యుదాఘాతంతో కాపలాదారు మృతి.' ఆసామికి పేరుంది, పైగా 'రైతు' అని ఉంది. ఎస్సైకి పేరుంది, 'కేసు నమోదు చేశారు'. ఊరికి పేరుంది. చచ్చిపోయిన మనిషికి లేదు.

పేపరు పట్టుకుని గట్టు మీదికి పోయాను. ఆమెకు చదువు రాదు. చదివి పెట్టమంది. చదివాను. ఆ నాలుగు లైన్లలో లేని పేరు కలిపి చదివాను. వయసు కూడా కలిపాను. ఆమె పేపరు తీసుకుని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది.

మీలో కొందరు అంటారు, పేదవాళ్ళ కథలు మేమూ వేస్తాం కదా అని. వేస్తారు, ఎండాకాలంలో. పది ఫలితాలు రాగానే 'పేదింట విరిసిన విద్యాకుసుమం', 'పేదరికం అడ్డు కాలేదు'. 600కి 570, 580 తెచ్చుకున్న కూలివాళ్ళమ్మాయి, పక్కన పూరిల్లు, మిఠాయి తినిపిస్తున్న తల్లి. మంచి వార్తలే, నేనూ రాశాను, రాసినందుకు ఊళ్ళో టీ కూడా పోయించారు. కానీ మా పెద్దమ్మాయి చదువుకునే రోజుల్లో తెచ్చిన పుస్తకంలో ఒక ముక్క చదివాక ఆ హెడ్డింగులు చూస్తే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. షాంటో అయ్యంగార్ అని అమెరికాలో పనిచేసే పరిశోధకుడు 1991లో అచ్చేసిన సంగతి అది. టీవీ వార్తలు కొందరికి రెండు రకాలుగా చూపించాడు. ఒక పేదవాడి సొంత కథగా చూపిస్తే, చూసినవాళ్ళు ఆ పేదరికానికి ఆ మనిషినే బాధ్యుణ్ణి చేశారు. దేశంలో పేదరికం ఎట్టా ఉంది, ఎందుకుంది అని మొత్తంగా చూపిస్తే ప్రభుత్వం వైపు, సమాజం వైపు వేలు చూపించారు. జాలి పుట్టించే కథే తీర్పు కూడా చెప్పిస్తోందన్నమాట. 'పేదరికం అడ్డు కాలేదు' అని ఒక అమ్మాయి గురించి రాస్తే, అదే బడిలో తప్పిన ఇరవైమంది గురించి రాయకుండానే రాసినట్టు. వాళ్ళకు అడ్డమైంది పేదరికం కాదు, వాళ్ళ బద్ధకం అని.

ఆ బడిలో లెక్కల అయ్యవారు ఎన్ని నెలలు లేడో ఎవరు రాయాలి? నేను రాసిన విద్యాకుసుమాల్లో ఒకమ్మాయి తర్వాతి ఏడు ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్యలు ఒలిచే పనికి బస్సెక్కుతూ కనిపించింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. ఆ వార్త నేను పంపలేదు. పంపినా 'ఫాలోఅప్‌కి ఏం పెగ్గుంది?', అంటే ఇప్పుడు వేయడానికి కొత్త సందర్భం ఏముందని అడిగేవాళ్ళు.

ఫొటోల సంగతిలోనూ ఇంతే. అమెరికాలోనే మార్టిన్ గిలెన్స్ అనే ఆయన 1988 నుంచి 1992 దాకా అక్కడి వార్తా మేగజైన్లలో పేదల ఫొటోలన్నీ లెక్కపెట్టాడు. ఫొటోల్లో 62 శాతం నల్లవాళ్ళు. అసలు పేదల్లో వాళ్ళు 29 శాతం. ఎవరూ తప్పుడు ఫొటో వేయలేదు. ఫొటో ఫొటో నిజమే. మొత్తం కలిపితే అబద్ధమైంది.

మాటల దగ్గరకొద్దాం. గుంటలకు యూనిట్ రూపాయిన్నరకు కరెంటు ఇస్తే అది 'రాయితీ', లేకపోతే 'ఆక్వా రైతుకు ఊరట'. ఎస్సీ ఎస్టీ ఇళ్ళకు 200 యూనిట్ల దాకా ఉచితమంటే డిబేట్లో 'తాయిలం'. పరిశ్రమకు ఎకరా కారుచౌకగా ఇస్తే 'ప్రోత్సాహకం'. ఇంటికి రెండు సెంట్లు ఇస్తే 'ఓట్ల పందేరం'. గుంటలకు కరెంటు ఇవ్వొద్దని నేననడం లేదు, మా బావమరిదికే రెండు గుంటలున్నాయి. కానీ రెండూ ఖజానా డబ్బే కదా, రెండింటికీ ఒకే మాట వాడితే ఏం పోతుంది? తాయిలం అంటే చిన్నపిల్లలకు పెట్టేది. ఆ ఒక్క మాటతో సగం రాష్ట్రాన్ని చంటిపిల్లల్ని చేసి కూర్చోబెట్టాం.

'స్టువర్టుపురం దొంగలు' అని టీవీలో ఇంకా వినపడుతూనే ఉంది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టి ప్రభుత్వం ఎరుకల వాళ్ళను కట్టడి చేసిన ఊరది. మా కావలిలోనూ అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన అలాంటి కట్టడి ఊరు, సెటిల్‌మెంట్ ఉండేది. పుట్టుకతోనే నేరస్తులని ముద్రేసిన ఆ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో పోయింది. డెబ్బై ఏళ్ళు దాటింది. చట్టం పోయినా స్క్రోలింగ్‌లోంచి పోలేదు. కులాన్ని కించపరిచే సందర్భంలో కులం పేరు రాయకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది, మీ గోడకు తగిలించుకోవడానికి నా దగ్గర జిరాక్సు తీసిస్తాను, ఊరికే.

'రెండు వర్గాల మధ్య ఘర్షణ' అన్న మాటైతే మనకు తయారుగా ఉన్న అచ్చు. కారంచేడు ప్రకాశం జిల్లాలో ఉన్న రోజుల్లో, 1985 జులై 17న, ఊళ్ళోని అగ్రకుల భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాలకు పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ గాయంలోంచే. ఒకవైపు వాళ్ళే చచ్చి, ఒకవైపు వాళ్ళే ఊరు విడిస్తే దాన్ని ఘర్షణ అనొచ్చా? ఈనాటికీ ఏ పల్లెలో గొడవైనా ఆ మాటే ముందు టైపవుతుంది. ఎవరు ఎవరి మీదికి పోయారో ఆ మాటలో ఉండదు. తప్పు చెరిసగం పంచేస్తుంది.

మన జిల్లా పేరునే తీసుకోండి. 2008లో పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకున్నాం. ఏటా డిసెంబరు 15కీ, నవంబరు ఒకటికీ విగ్రహానికి దండలు, 58 రోజుల దీక్ష, ఆంధ్ర రాష్ట్రం. అదే ఫొటో, అదే వార్త, తదితరులు పాల్గొన్నారు. ఆయన 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనులను రానివ్వాలని దీక్ష చేసిన సంగతి ఎన్నిసార్లు వేశారు? చివరి రోజుల్లో అస్పృశ్యత పోవాలని అట్టల మీద రాసి మెడకు తగిలించుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో తిరిగేవాడు. నెల్లూరు ఎండంటే తెలుసుగా. తెలియని జనం పిచ్చోడన్నారు. రాష్ట్రం అడిగిన శ్రీరాములు అందరికీ గుర్తున్నాడు. సమానత్వం అడిగిన శ్రీరాములును మనం ఫైలు ఫొటోలో పెట్టలేదు. ఆ అట్టకు ఇవాళ్టి దాకా ఏ పేపరూ తన కాలమ్ ఇచ్చినట్టు నేను చూడలేదు.

ఇదంతా చదివి, ఒక మండల పేజీ వార్తతో లోకం మారిపోతుందా అంటారేమో. మారింది. ఎక్కడో కాదు, ఇక్కడే. 1991 ప్రాంతంలో జిల్లాలో అక్షరదీపం నడిచింది. సాయంత్రం పూట లాంతర్ల కింద వయోజన విద్య. వాచకంలో సీతమ్మ అనే పల్లెటూరి మనిషి కథ ఉంది, సారా కథ. ఆ పాఠంలో ఆడవాళ్ళకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. మొగుడు కూలి డబ్బులు సారా ప్యాకెట్లకు పోయడం, తాగొచ్చి కొట్టడం, పిల్లలు పస్తుండడం వాళ్ళకు కొత్తా? అప్పటిదాకా అది ఎవరి ఇంటి ఖర్మ వాళ్ళది. అదే సంగతి అచ్చులో, అందరి ఎదురుగా, బలపం పట్టుకుని కూడబలుక్కుంటూ చదివేసరికి ఖర్మ కాస్తా ఊరి సమస్య అయింది. కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ సంగతి మళ్ళీ తర్వాతి వాచకంలో పాఠమై పక్క ఊళ్ళకు పోయింది. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ పేరు ఊరూరా తెలిసింది. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు నెల్లూరుకు కదిలొచ్చారు. 1993 అక్టోబరు ఒకటిన సారా నిషేధం. 1995 జనవరిలో మొత్తానికే మద్యనిషేధం. రెండేళ్ళకే, 1997లో, అది ఎత్తేశారు, అది వేరే ఏడుపు.

అప్పట్లో పత్రికలు కూడా పేజీలకు పేజీలిచ్చాయి. రోజూ ఊళ్ళ పేర్లు, ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ మాటలు. నాకు బాగా గుర్తు, మా ఊరి రచ్చబండ దగ్గర పేపరు బిగ్గరగా చదివించుకునేవాళ్ళు. కొట్టించుకున్న మనిషికి అప్పుడు పేరుంది. మొగుళ్ళు సిగ్గుపడ్డారంటే దానికీ కొంత ఆ పేర్లే కారణం. అది చేసింది ఇవే డెస్కులు. కాబట్టి మీకు చేతకాదని నేను నమ్మను.

డెస్కులో ఎవరున్నారన్నది కూడా చూసుకోవాలి. 2019లో ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ, న్యూస్‌లాండ్రీ అనే వార్తా వెబ్‌సైటు కలిసి మన దేశంలోని హిందీ, ఇంగ్లిష్ మీడియా లెక్క తీశాయి. నిర్ణయాలు తీసుకునే కుర్చీలు 121. వాటిలో 106 అగ్రవర్ణాల వాళ్ళవి. ఎస్సీ ఎస్టీ ఒక్కరూ లేరు. మన జిల్లా డెస్కుల లెక్క మీరే తీసుకోండి, పది నిమిషాలు పట్టదు. నా పద్నాలుగేళ్ళలో నాకు ఫోను చేసిన సబ్‌ఎడిటర్లలో యానాది ఎవరూ లేరు. మా మండలంలో విలేకరుల్లోనూ లేడు.

నేనడిగేవి ఖర్చుతో కూడినవి కావు. దుప్పటి ఫొటోలో ముసలమ్మ పేరు పంపని కంట్రిబ్యూటర్‌కి ఫోను చేసి అడగండి. రెండుసార్లు అడిగితే మూడోసారి వాడే పంపుతాడు. ఆమె వద్దంటే వేయొద్దు, అప్పుడు మిగిలిన ఏడుగురివీ వేయొద్దు. ఏసీబీ కేసుకీ సైకిలు కేసుకీ ఒకటే క్రియ వాడండి. 'రు' ఇస్తారో 'డు' ఇస్తారో మీ ఇష్టం, నాకైతే అందరికీ 'రు' ఇస్తే బాగుంటుంది. విద్యాకుసుమం వార్త పక్కన ఆ బడిలో ఎంతమంది రాశారు, ఎంతమంది గట్టెక్కారు, ఎన్ని పోస్టులు ఖాళీ, మూడు లైన్లు పెట్టండి. పేరు వేయకూడని చోట్లున్నాయి, అత్యాచార బాధితులు, చిన్నపిల్లలు. అక్కడ చట్టం చెప్పింది చేస్తున్నారు, సంతోషం. యాడ్ల టార్గెట్ విలేకరి నెత్తిన తీసేయమని కూడా అడగాలనుంది. అది మీ చేతుల్లో లేదని తెలుసు. మీ పైవాళ్ళకు ఈ ఉత్తరం చూపించండి.

ఆ గట్టు మీది మనిషి పేరు ఇక్కడ రాయలేదు. ఆ కుటుంబం ఇంకా అదే ఆసామి గుంటల మీద ఉంది, ఆమెను అడగకుండా రాయకూడదు. అడిగాను. బహిరంగంగా వద్దంది, పేపరోళ్ళకైతే ఇవ్వమంది. వేరే కాయితం మీద రాసి మూడు డెస్కులకు పంపాను.

అడగడానికి పోయినప్పుడే ఇది జరిగింది. ఆమె మనవరాలు ఇప్పుడు ఎనిమిదో తరగతి. నేను వచ్చానని ముసలామె బియ్యం డబ్బా తెరిచి మడతలు పెట్టిన పేపరు తీసింది. పసుపుపచ్చగా అయిపోయి, మడతల దగ్గర చిరుగుతోంది. "మీ తాత గురించి, చదివి చూడు" అని ఆ పిల్ల చేతికిచ్చింది. పిల్ల నిలబడి గడగడా చదివేసింది. నాలుగు లైన్లే కదా. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి నిదానంగా చదివింది. తర్వాత నా వైపు తిరిగింది.

"తాత పేరు యాడుండాది సామీ ఇందులో?"

అచ్చులో తప్పు పడింది పాపా అన్నాను.

ఇట్లు,
ఒక మాజీ కంట్రిబ్యూటర్,
కావలి డివిజన్, నెల్లూరు జిల్లా